పైన పటారం బాగుంది, లోన ఇంజన్ సంగతేంటి? మిషిగన్‌లో బోటు వింటరైజింగ్ సర్వీసు రివ్యూ

ముందు మార్కులు చెప్పేస్తాను, ఓపికున్నవాళ్ళు మిగతాది చదువుకోండి. బోటుకి చుట్టిన ష్రింక్ ర్యాప్‌కి (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ షీటు) అయిదుకి నాలుగున్నర. ఇంజన్‌ని చలికాలానికి సిద్ధం చేసిన పనికి రెండున్నర, అదీ నేను పక్కన నిలబడ్డాను కాబట్టి. రెండూ కలిపి ప్యాకేజీకి ఎంత అంటే వేయను. ఈ రెండు పనులూ ఒకే బిల్లులో రావడమే నాకు నచ్చని విషయం. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. వ్యాన్ వేసుకుని బోటు ఉన్న చోటికే వచ్చి ఈ పని చేసిపెట్టే చిన్న కంపెనీలు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి, ప్యాకేజీలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఎవరిని పిలిచినా అడగాల్సినవి ఇవే.

మేముండేది డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో. బోటు ఇరవై అడుగుల బౌరైడర్ (ముందు భాగంలోనూ సీట్లుండే రకం), సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మెర్‌క్రూజర్ 4.3 లీటర్ల వీ6 ఇంజన్, స్టెర్న్‌డ్రైవ్ (ఇంజన్ బోటు లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్ వెనక బయట). నడపడం మా ఆయన సరదా, కనిపెట్టుకుని ఉండడం నా డ్యూటీ. నా ఉద్యోగం కార్ల ఇంజన్ కూలింగ్ టెస్టింగ్‌లో కావడంతో ఇంట్లో ఎక్కడ నీళ్ళు కారినా, ఏది వేడెక్కినా "నీ డిపార్ట్‌మెంటే కదా" అని నా మీదికి తోసేస్తారు. వేసవంతా లేక్ సెయింట్ క్లెయిర్‌లో తిరుగుతాం. హ్యూరాన్, ఈరీ సరస్సుల మధ్య ఉండే ఈ సరస్సు 430 చదరపు మైళ్ళు ఉంటుంది, సగటు లోతు మాత్రం 11 అడుగులే. లోతు లేదు కాబట్టి త్వరగా గడ్డకట్టేస్తుంది. జనవరికల్లా మేము బోటు తిప్పిన చోటే జనం గుడారాలు వేసుకుని, మంచుకి కన్నాలు పెట్టి చేపలు పడుతూ కనిపిస్తారు.

మాది కాకినాడ. అక్కడ మర పడవలకి సెలవంటే ఎండాకాలంలోనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలల్లోనే పడవల్ని ఒడ్డుకి లాగి చెక్కలు మార్చుకోవడం, రంగులేసుకోవడం, వలలు బాగుచేసుకోవడం అన్నీ అయిపోతాయి. ఇక్కడ సెలవు దాదాపు ఆరు నెలలు. పైగా ఆ ఆరు నెలలూ బోటుని ఎవరూ ముట్టుకోరు. ఏం చేసినా బయట పెట్టే ముందే చేసేయాలి, తేడా వస్తే తెలిసేది వసంతంలోనే.

బయటే ఎందుకు పెట్టాలి అంటారా? మా కాలనీ అసోసియేషన్ వాళ్ళు డ్రైవ్‌వేలో బోటు నిలిపితే ఒప్పుకోరు. హీటింగ్ ఉన్న గోడౌన్‌లో పెడితే ఈ తతంగంలో సగం అక్కర్లేదు కానీ, మాకు చెప్పిన రేటు బయటి యార్డు అద్దెకి మూడింతలు. ఏడాదిలో ఆరు నెలలు కదలని వస్తువుకి అంత పెట్టడానికి నాకు చేతులు రాలేదు. సరస్సుకి దగ్గర్లో కంకర పరిచిన ఓపెన్ యార్డులో ట్రైలర్ మీదే ఉంచుతాం. పక్కన పొలం, అంటే ఎలకలు కూడా అద్దె లేకుండా ఉంటాయన్నమాట.

టైము విషయానికొస్తే, దసరా అయ్యాక, దీపావళి లోపు ఈ పని పూర్తవాలి. మా వైపు అక్టోబరు రెండో సగంలో రాత్రిళ్ళు సున్నా కిందికి జారడం మొదలవుతుంది. ఒక్క గట్టి రాత్రి చాలు, ఇంజన్‌లో నీళ్ళుంటే పని అయిపోయినట్టే. అందుకే ఈ కంపెనీల ఫోన్లు సెప్టెంబరు నుంచే బిజీ. నేను బతుకమ్మ ఏర్పాట్ల వాట్సాప్ గోలలో ఉండగానే గుర్తుపెట్టుకుని బుక్ చేశాను, అక్టోబరు రెండో వారంలో డేటు దొరికింది. చెప్పిన రోజుకి, చెప్పిన టైముకి వచ్చారు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

రేటు ఇలా పడింది. ష్రింక్ ర్యాప్ అడుగుకి 22 డాలర్లు, మా ఇరవై అడుగులకి 440. జిప్పు తలుపు పెట్టించుకుంటే ఇంకో 50. ఇంజన్ వింటరైజింగ్ 325. గేర్ ఆయిల్ మార్చడం అందులోనే, ఇంజన్ ఆయిల్, ఫిల్టరు విడిగా. అన్నీ కలిపి తీసుకుంటే కొంత తగ్గింపు. నేను తీసుకున్నది ఆ కలిపిన ప్యాకేజీ.

ర్యాప్ పని చూడ్డానికి భలే ఉంటుంది. ఇద్దరు వచ్చారు. ముందు బోటులో చెక్క గుంజలు నిలబెట్టి, ముందు కొస నుంచి వెనక దాకా ఒక పట్టీని బిగించి లాగారు. ఇంటి కప్పుకి వెన్నుగాడి ఉన్నట్టే దీనికీ ఒకటి ఉండాలి, లేకపోతే మంచు జారిపోదు. అద్దం మూలల్లో, తాళ్ళు కట్టే క్లీట్ల మీద, మొనగా ఉన్న ప్రతిచోటా ఫోమ్ ముక్కలు కట్టారు. ఆ తర్వాత బోటు చుట్టూ, అంచు రబ్బరుకి కాస్త కింద, ఇంకో పట్టీని నడికట్టులా బిగించారు. తెల్ల ప్లాస్టిక్ షీటు పైనుంచి కిందికి పరిచి, దాని అంచుని ఆ నడికట్టు మీదుగా లోపలికి మడిచి, ప్రొపేన్ మంటతో అంటించేశారు. షీటు మందం 7 మిల్, మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు.

అసలు పనితనం మంట పట్టుకోవడంలోనే ఉంది. ముందు కింది అంచు చుట్టూ తిరిగి బిగించాలి, తర్వాత పక్కలు, ఆఖరికి పైకప్పు. టార్చిని ఒకేచోట ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే కన్నం పడుతుంది, తక్కువ ఉంచితే ముడతలు మిగిలిపోతాయి. పెద్దాయన ఒక చేత్తో టార్చి తిప్పుతూ, రెండో చేతికి తొడుగేసుకుని, వేడెక్కిన చోటల్లా అరచేత్తో నొక్కి అంటిస్తూ పోయాడు. అప్పటిదాకా వదులుగా వేలాడుతున్న షీటు ఆయన వెనకాలే సర్రున బిగుసుకుంటూ వచ్చింది. చల్లారాక వేలితో కొడితే మద్దెల మీద కొట్టినట్టు మోగింది. రెండు చోట్ల చిన్న కన్నాలు పడితే అప్పటికప్పుడు టేపు వేసి, దాని మీదా మంట చూపించి సర్దేశాడు.

టార్పాలిన్ కట్టుకుంటే చాలదా అని మా ఆయన మొదట్నుంచీ అంటున్నాడు. చాలదు. మాకు బోటు అమ్మినాయన నీలి టార్పాలిన్ తాళ్ళతో కట్టి నాలుగైదు చలికాలాలు నెట్టుకొచ్చాడట. ఆ ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. గాలికి టార్పాలిన్ కొట్టుకుని కొట్టుకుని ఎడమ పక్క జెల్‌కోటు (బోటు పైన ఉండే నున్నటి పూత) మెరుపు పోయి, గీకినట్టు మచ్చలు పడ్డాయి. టార్పాలిన్‌కి నడుమ గుంట పడితే అందులో నీళ్ళు నిలుస్తాయి, ఆ నీళ్ళు గడ్డకడతాయి, దాని మీద మంచు పడుతుంది, ఆ బరువుకి అద్దం ఫ్రేము వంగుతుంది. మంచి ఫ్రేము కట్టి, మందపాటి కాన్వాసు కుట్టించుకుంటే అది వేరు, పదేళ్ళు వస్తుంది. లెక్కేస్తే ష్రింక్ ర్యాప్ కన్నా అదే చవక కూడా. కానీ ఆ ఫ్రేము బిగించడానికి, విప్పడానికి ఇంట్లో ఓపిగ్గా సాయం చేసే మనిషి కావాలి. మా ఇంట్లో ఆ మనిషి అక్టోబరులో ఎప్పుడూ ఆఫీసు పని మీద ఊళ్ళోనే ఉండడు.

రంగు విషయంలో అడిగి మరీ తెల్లది వేయించుకున్నాను. నీలం షీటు ఎండకి వేడెక్కి మంచుని త్వరగా జార్చేస్తుంది, అందుకని చలి ప్రాంతాల్లో చాలామంది అదే అడుగుతారు. కానీ పగలు వేడెక్కి రాత్రి గడ్డకట్టే తేడా ఎంత ఎక్కువైతే లోపల అంత చెమ్మ. సీట్ల వినైల్‌కి బూజు పట్టడానికి ఆ చెమ్మే చాలు. మా షీటు ఏటవాలు బాగా కుదిరింది కాబట్టి తెలుపైనా మంచు నిలవలేదు. జనవరిలో ఓసారి తడిమంచు బాగా కురిసిన మర్నాడు యార్డుకి వెళ్ళి చూశాను. పక్క వరుసలో ఒక టార్పాలిన్ బోటు మంచు బరువుకి నడుము వంచేసి ఉంది. మాది చెక్కుచెదరకుండా నిలబడింది.

అర మార్కు ఎక్కడ కోశానంటే, గాలి ఆడే వెంట్ల దగ్గర. గాలి అటూ ఇటూ ఆడాలంటే నాలుగైనా పెట్టమని బుకింగ్‌లోనే చెప్పాను. రెండే పెట్టారు. అడిగితే వ్యాన్‌లో అవే ఉన్నాయన్నారు. ఇంకోటి, బోటు ముందు భాగంలో రిజిస్ట్రేషన్ నంబరు స్టిక్కరు ఉంటుంది, మిషిగన్‌వి 'ఎంసీ' అక్షరాలతో మొదలవుతాయి. మంట దగ్గరగా పోయి ఆ 'సీ' అంచు ముడుచుకుంది. ఆయనే చూసి, ఆయనే చెప్పి, కొత్త స్టిక్కరుకి డబ్బులు బిల్లులో తగ్గించాడు. దాచిపెట్టకుండా చెప్పాడు కాబట్టి దానికి నేను మార్కు తగ్గించలేదు.

ఇక ఇంజన్. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

స్టెర్న్‌డ్రైవ్ ఇంజన్ చాలావాటికి కారులోలా మూసిన రేడియేటర్ ఉండదు. సరస్సు నీళ్ళనే పీల్చి, బ్లాక్‌లో (ఇంజన్ అసలు ఇనుప దిమ్మలో) తిప్పి, ఎగ్జాస్ట్‌తో పాటు బయటికి పంపేస్తుంది. బోటు గట్టెక్కాక కూడా బ్లాక్‌లో, ఎగ్జాస్ట్ మానిఫోల్డుల్లో (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాల్లో) నీళ్ళు ఉండిపోతాయి. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి. పోత ఇనుము సాగదు, పగులుతుంది. పగిలితే రిపేరు వందల్లో పోయేది కాదు, ఇంజన్ మార్చడమే. చాలా బోటు ఇన్సూరెన్స్ పాలసీల్లో ఈ గడ్డకట్టే నష్టానికి కవరేజీ ఉండదు, అడిగి విడిగా చేర్పించుకోవాలి. మీ పాలసీ కాగితం ఒకసారి తీసి చూసుకోండి.

ర్యాప్ మొదలుపెట్టే ముందే ఇంజన్ పని ఇంకో కుర్రాడు చేశాడు. డ్రైవ్‌కి నీళ్ళు పట్టే చోట మఫ్‌లు (గొట్టం తగిలించే రబ్బరు కప్పులు) తగిలించాడు, పక్కన బకెట్టులో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (నీళ్ళలా త్వరగా గడ్డకట్టని ద్రవం) పోశాడు, ఇంజన్ స్టార్ట్ చేశాడు. బకెట్టు ఖాళీ అవుతుండగా వెనక ఎగ్జాస్ట్‌లోంచి గులాబీ నీళ్ళు వచ్చాయి. అంతే, ఇంజన్ ఆపేసి, అయిపోయిందన్నట్టు బొటనవేలు చూపించాడు. మొత్తం కలిపి ఓ కాఫీ తాగేంత సేపు పట్టిందేమో.

నాకు ఒళ్ళు మండింది. చల్లటి ఇంజన్‌లో థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి తెరుచుకునే కవాటం, మూసుకుని ఉంటుంది. ఈ ఇంజన్‌లో అది 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తెరుచుకుంటుంది, అంటే సుమారు 71 సెల్సియస్. అది తెరుచుకోనంతసేపూ పీల్చిన ద్రవం బ్లాక్‌లోకి సరిగ్గా పోదు, దారి మళ్ళి నేరుగా ఎగ్జాస్ట్‌లోకి వెళ్ళిపోతుంది. వెనక గులాబీ రంగు కనిపించిందంటే ఎగ్జాస్ట్‌లో యాంటీఫ్రీజ్ ఉందని అర్థం, బ్లాక్‌లో ఉందని కాదు. ముందుగా మంచినీళ్ళతో ఇంజన్‌ని బాగా వేడెక్కించి అప్పుడు మార్చినా, చల్లటి యాంటీఫ్రీజ్ తగలగానే థర్మోస్టాట్ మళ్ళీ మూసుకోవచ్చు. లోపల మిగిలిన నీళ్ళతో కలిసి అది పలచబడిపోతుంది కూడా. అందుకే ముందు నీళ్ళన్నీ దింపేయాలి, తర్వాతే యాంటీఫ్రీజ్.

బ్లాక్ డ్రెయిన్ చేశావా అని అడిగాను. అవసరం లేదు, మేం ఎప్పుడూ ఇలాగే చేస్తాం అన్నాడు. సరే, ఎడమ పక్క బ్లాక్ ప్లగ్గు ఒకటి విప్పు, చూద్దాం అన్నాను. పాపం విప్పాడు. చుక్క నీరు రాలేదు. చూశారా, ఖాళీగానే ఉంది అన్నట్టు నావైపు తిరిగాడు. పాత ఇంజన్లలో ఇదే మోసం. తుప్పు, ఇసుక కలిసి ఆ కన్నానికి లోపలి నుంచి అడ్డుపడతాయి, ప్లగ్గు తీసినా నీళ్ళు రావు. నేను తెచ్చుకున్న సన్నటి తీగ ముక్కని కన్నంలో పెట్టి రెండుసార్లు తిప్పాను. ముందు నల్లటి తుప్పు బురద ఒక ముద్ద ఊడిపడింది, వెనకే ధార కట్టింది. ఎర్రటి తుప్పు నీళ్ళు. గులాబీ రంగు మచ్చుకైనా లేదు. రెండో పక్కా అదే కథ. మానిఫోల్డుల కింద ప్లగ్గులు కూడా తీయించి, పంపు గొట్టం ఊడదీయించాం. అన్నీ కలిపితే అర బకెట్టు పైనే. ఆ అర బకెట్టుతో ఫిబ్రవరి దాకా ఉంటే ఆ బ్లాక్ గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ప్లగ్గు ఖరీదు చిల్లర డబ్బులు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఆ తర్వాత థర్మోస్టాట్ దగ్గర గొట్టాలు విప్పించి, పైనుంచి నేరుగా బ్లాక్‌లోకి, మానిఫోల్డుల్లోకి యాంటీఫ్రీజ్ పోయించాను. నిజానికి నీళ్ళు పూర్తిగా దిగిపోతే ఖాళీ బ్లాక్‌కి ఏమీ కాదు, గాలి గడ్డకట్టదు కదా. కానీ మూలల్లో మిగిలిన తడికి, తుప్పుకి కాపలాగా పోయించడమే నాకు ఇష్టం. కుర్రాడు విసుక్కోలేదు, నేర్చుకున్నాడు కూడా. తప్పు అతనిది కాదు, అతనికి అలాగే నేర్పారు. సాయంత్రం ఆఫీసుకి ఫోన్ చేస్తే ఓనరు మర్యాదగానే మాట్లాడాడు, బిల్లులో 75 డాలర్లు తగ్గించాడు. కానీ మా పద్ధతి ఇదే, ఇన్నేళ్ళూ ఏ బ్లాకూ పగల్లేదు అన్నాడు. ఆ మాటకే మిగతా మార్కులు కోశాను.

యాంటీఫ్రీజ్ డబ్బా మీద మైనస్ 50 అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. అది ఫారెన్‌హీట్, సెల్సియస్‌లో మైనస్ 46 దాకా. అంత చలి ఎలాగూ రాదు కదా అని ధీమా పడకండి. ఆ అంకె గొట్టాలు పగలకుండా కాపాడే హద్దు, గడ్డకట్టడం మొదలయ్యే హద్దు కాదు. ఈ రకం చాలావరకు ఫారెన్‌హీట్ పది, పదిహేను దగ్గరే గుజ్జుగా మారడం మొదలవుతుంది. గుజ్జుగా అయినా ఇనుమును పగలగొట్టదు, అది నిజమే. నీళ్ళు కలిస్తే మాత్రం ఆ లెక్కంతా తారుమారు. 2019 జనవరి ఆఖరులో పోలార్ వోర్టెక్స్ (ధ్రువం వైపు నుంచి దిగే విపరీతమైన చలిగాలి) వచ్చినప్పుడు మా దగ్గరే ఫారెన్‌హీట్ సున్నాకి పది డిగ్రీల పైగా కిందికి పోయింది. ఇంకో మాట, కొనేటప్పుడు ప్రొపిలీన్ గ్లైకాల్ అని చూసుకుని కొనండి. కారుకి వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, వసంతంలో స్టార్ట్ చేయగానే అది నేల మీదికో నీళ్ళలోకో పోతుంది.

చలి దేశాల్లో ఉండేవాళ్ళకే ఈ గొడవలు అనుకోకండి. ఫ్రిస్కోలో ఉండే మా పిన్ని కొడుకు బోటు లేక్ లూయిస్‌విల్ దగ్గర ఉండేది. టెక్సస్‌లో బోటుకి చలికాలం ఏంటక్కా అని నవ్వేవాడు. 2021 ఫిబ్రవరిలో ఆ మంచు తుఫాను వచ్చి కరెంటు పోయి రాష్ట్రమంతా వణికినప్పుడు వాడి ఇంజన్ బ్లాక్ నిలువునా పగిలింది. ఇక్కడ అందరూ భయపడి ముందే చేయించుకుంటారు, అక్కడ ఎవరికీ ఆ ఆలోచనే రాదు.

మన వాళ్ళలో పాంటూన్ బోట్లే (తేలే గొట్టాల మీద చదునైన డెక్కు ఉండేవి) ఎక్కువ. పులిహోర డబ్బాలు, పిల్లలు, అమ్మమ్మ, తాతయ్య అందరూ పడతారు కదా. దానికి ఉండేది వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు, వాళ్ళకి ఈ బ్లాక్ టెన్షన్ చాలావరకు లేదు. మోటారుని నిటారుగా కిందికి దించి ఉంచితే నీళ్ళు వాటంతట అవే కారిపోతాయి. పైకి వంచి మాత్రం వదిలేయకండి. అలాంటి బోటుకి 325 డాలర్ల ఇంజన్ ప్యాకేజీ అంటగట్టబోతే మొహమాటం లేకుండా వద్దనండి.

మిగతా పనుల్లో కంపెనీ బాగా చేసింది గేర్ ఆయిల్. పాత ఆయిల్ దింపి నాకు చూపించాడు. నల్లగా, చిక్కగా ఉంది. పాల రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోతున్నట్టు, సీలు మార్చాలి. ప్రొపెల్లర్ విప్పి వెనక చేపల దారం చుట్టుకుందేమో కూడా చూశాడు. ఆ దారమే సీలుని కోసేస్తుంది, సెయింట్ క్లెయిర్‌లో చేపలు పట్టేవాళ్ళకి కొదవ లేదు. కొత్త ఆయిల్ కింది కన్నంలోంచి ఎక్కించి, పై కన్నంలోంచి బయటికొచ్చే దాకా పంపు కొట్టాడు. ఈ పని చేసే పద్ధతి ఇదే. పెట్రోలు ట్యాంకు నేనే దాదాపు నింపి, పెట్రోలు పాడవకుండా స్టా-బిల్ మెరైన్ అనే మందు కలిపి, ఆ మందు ఇంజన్ దాకా చేరేలా కాసేపు నడిపాను. ఇక్కడి పెట్రోల్లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, నెలల తరబడి నిలవ ఉంటే చెమ్మ పీల్చుకుంటుంది.

బ్యాటరీ బోటులోనే ఉంచేయొచ్చు అన్నారు, నేను ఇంటికి తెచ్చి గ్యారేజీలో చిన్న చార్జర్‌కి పెట్టాను. పూర్తి చార్జింగ్ ఉన్న బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు, అడుగంటిపోయిన బ్యాటరీ మాత్రం సెల్సియస్ మైనస్ ఏడు దగ్గరే గడ్డకట్టగలదు. సీట్ల కుషన్లు, లైఫ్ జాకెట్లు బేస్‌మెంట్‌లోకి వచ్చాయి, మా ఆయన పింగ్‌పాంగ్ టేబుల్ ఆరు నెలలు సెలవు తీసుకుంది. ఎగ్జాస్ట్ నోళ్ళలో ఎలకలు దూరకుండా స్టీలు పీచు కుక్కి, "పీచు తీయి" అని రాసిన చీటీ తాళంచెవికి కట్టేశాను. బోటు అడుగున డ్రెయిన్ ప్లగ్గు తీసేసి, ట్రైలర్ ముందు జాకీ ఎత్తి, ముక్కు పైకి ఉండేలా నిలిపాం. ఎక్కడ చుక్క పడినా వెనక నుంచి కారిపోవాలి. ఆ ప్లగ్గు ఎలాగూ తీయాల్సిందే. సరస్సు నుంచి బోటుని రోడ్డెక్కించే ముందు ప్లగ్గులన్నీ తీసి నీళ్ళు వదలాలని 2019 నుంచి మిషిగన్‌లో చట్టం ఉంది. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు ఉత్తర అమెరికాలో బయటపడింది 1988లో, మా సెయింట్ క్లెయిర్‌లోనే. బోట్ల అడుగు నీళ్ళతో అవి ఎన్ని సరస్సులకి పాకాయో!

ఉగాది నాటికి విప్పుదామంటే ఇంకా మంచే. ఏప్రిల్ చివర్లో జిప్పు తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆ 50 డాలర్లు ఎందుకు పెట్టానా అనుకున్నదాన్ని, ఫిబ్రవరిలోనూ అందులోంచే దూరి డబ్బాలు మార్చాను. చెమ్మ పీల్చే క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు రెండు పెడితే రెండూ నీళ్ళతో నిండిపోయాయి. వెంట్లు నాలుగు ఉండి ఉంటే అంత నిండేవి కావు. వెనక సీటు కింద చేతివేలంత మేర నల్లటి బూజు మచ్చలు, గుడ్డతో తుడిస్తే పోయాయి. ఎలక జాడ లేదు. ప్లగ్గులు, గొట్టాలు బిగించి స్టార్ట్ చేస్తే కాసేపు గులాబీ నీళ్ళు, తర్వాత మామూలు నీళ్ళు. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూశాను, శుభ్రంగా ఉంది. బ్లాక్ క్షేమం.

షీటు కోయడానికి మామూలు కత్తి వాడకండి, జెల్‌కోటు మీద గీత పడుతుంది. కొక్కెంలా ఉండే బ్లేడు దొరుకుతుంది, అదే వాడాలి. ఒకసారి కోస్తే ఈ షీటు మళ్ళీ పనికిరాదు, ఏటా ఇంత ప్లాస్టిక్ అంటే మనసు ఒప్పదు కానీ ఇది పాలిథిలీన్, రీసైక్లింగ్‌కి వెళ్తుంది. మనమే చెక్కలు, పట్టీలు, జిప్పు, వెంట్లు వేరుచేసి శుభ్రంగా చుట్టి ఇవ్వాలి, లేకపోతే తీసుకోరు. ఈ సామాను అమ్మే డాక్టర్ ష్రింక్ కంపెనీ కూడా మన మిషిగన్‌దే, మనిస్టీ ఊళ్ళో ఉంది. మా యార్డులో వసంతంలో ఒక మూల పెద్ద కుప్ప పోగవుతుంది, లారీ వచ్చి తీసుకెళ్తుంది.

ఈ అక్టోబరుకి అదే కంపెనీకి ఫోన్ చేశాను, ర్యాప్ ఒక్కటే బుక్ చేశాను. ఆ పెద్దాయనే కావాలని అడిగాను, వస్తాడన్నారు. వెంట్లు నాలుగు అని మెసేజిలో రాయించుకున్నాను. స్టిక్కర్ల మీద తడిగుడ్డ కప్పి అప్పుడే మంట పెట్టమన్నాను. ఇంజన్ పనికి ఆ 325 ఇవ్వడం లేదు. యాంటీఫ్రీజ్ ఆరు గ్యాలన్లు, గేర్ ఆయిల్, ప్లగ్గులకి కొత్త వాషర్లు కలిపి నాకు నూట ఇరవై లోపే అయ్యింది. తీగ ముక్క ఎలాగూ ఉంది. మీరు మాత్రం ప్యాకేజీ మొత్తం తీసుకునేట్టయితే, ప్లగ్గులు మీ కళ్ళ ముందే తీయించండి, తీసిన ప్రతి కన్నంలోనూ తీగ పెట్టి తిప్పమనండి. అలా చేయం అంటే అక్కడికక్కడే ఇంకో కంపెనీకి ఫోన్ చేయండి.